పునః పునః

రాత్రి పదకొండున్నర దాటితే గాని
పీణ్యాలో మాకు కొలత కుదరదు.
చివరి మెట్రో వెళ్ళిపోవాలి,
పక్క షెడ్డులో ప్రెస్సు ఆగిపోవాలి,
తుమకూరు రోడ్డు మీద లారీలు కాస్త పలచబడాలి.
అప్పటికి గ్రానైటు బల్ల నిద్రపోతుంది,
అదీ కలలో ఉలిక్కిపడే పిల్లలాగే.

ఓబులేసు సారు ముప్పై ఒక్క ఏళ్ళు
చారలు లెక్కపెట్టాడు.
పాత పద్ధతి అది: అద్దం జరిగే కొద్దీ
ఒక వెలుగు, ఒక చీకటి, మళ్ళీ వెలుగు,
సగం తరంగానికి ఒక చార చొప్పున.
ఎంత జరిగిందో చెబుతుంది,
ఎంత దూరాన ఉందో చెప్పదు.
నడుమ ఒక చెయ్యి అడ్డొచ్చినా, ఒక దోమ ఎగిరినా
లెక్క గంగపాలు.
అద్దాన్ని వెనక్కి తెచ్చి సున్నా నుంచి మొదలు.
ఆ గదిలో ఆయన తుమ్ము మింగడం నేర్చుకున్నాడు.

ఇప్పటిది వేరు.
ఈ లేజరు ఒక శ్రుతిలో నిలవదు.
కంటికి ఆనని ఎరుపు, ఆ ఎరుపుకీ అవతలి వెలుగు,
కింది నుంచి పైకి గుక్క తిప్పుకోకుండా జారిపోతుంది.
బయల్దేరిన కిరణం
ఆ చివరి అద్దాన్ని తాకి
బయల్దేరినప్పటి పౌనఃపున్యంతోనే తిరిగొస్తుంది.
ఈలోపు ఇక్కడ లేజరు మారిపోయుంటుంది.
వచ్చినదానికీ ఉన్నదానికీ మధ్య తేడా
విస్పందనమై కొట్టుకుంటుంది.
హిందూపురం ఇంటర్ క్లాసులో
రెండు శృతిదండాల మధ్య విన్న ఊగులాట అదే.
దూరం పెరిగితే తొందరగా, తగ్గితే నింపాదిగా.
అంతే.

అంతే అంటాను గానీ,
లేజరు ఎంత జారిందో ఎవరు చెప్పాలి?
దానికో సాక్షి ఉంది:
బొటనవేలంత గాజు గొట్టంలో మూసిపెట్టిన విషవాయువు.
తనకి నచ్చిన చోట్లే వెలుగును మింగుతుంది,
ప్రతిసారీ ఆ చోట్లే.
లేజరు తడబడినా విషం తడబడదు.
మరి అద్దం వణికితే?
పిసరంత వణుకు పదుల రెట్లై అంకెలో దూరుతుంది.
అందుకే రెండో లేజరు. ఇది ఎక్కుతుంటే అది దిగుతుంది.
ఒకటి ఎక్కువ చెప్పిన అబద్ధాన్ని
ఇంకొకటి తక్కువ చెబుతుంది.
రెండూ కలిపి సగం చేస్తే నిజం మిగులుతుంది.

చెన్నమ్మక్క పోయాక
సారు ఇరవై మూడు రోజులు రాలేదు.
ఇరవై నాలుగో రాత్రి చెప్పులు బయట విడిచి
లోపలికొచ్చి అడిగాడు:
"యాడిదాకా లెక్కేసినాం?"
"ఇప్పుడు లెక్క లేదు సార్."

నమ్మలేదు.
పోయి కిరణానికి అడ్డంగా నిలబడ్డాడు.
ఆయన చొక్కా మీద ఏమీ కనబడలేదు,
తెర మీద అంకె మాత్రం పోయింది.
పక్కకి తప్పుకున్నాడు.
పన్నెండు మీటర్లు,
నాలుగు వందల ఎనభై మిల్లీమీటర్లు,
మూడు వందల పదహారు మైక్రాన్లు.
మళ్ళీ నిలబడ్డాడు. ఈసారి చాలాసేపు,
వీపు నా వైపు పెట్టి.
తప్పుకుంటే మళ్ళీ అదే అంకె.

"ఏమీ మర్చిపోదా ఇది?"
"గుర్తుపెట్టుకోదు సార్.
ప్రతిసారీ కొత్తగా అడుగుతుంది."

పౌనఃపున్యం.
పరీక్ష కోసం విసర్గతో సహా బట్టీపట్టిన మాట.
దాని కడుపులో మళ్ళీ, మళ్ళీ అన్న పిలుపుందని
ఆ రాత్రి దాకా నాకు తట్టలేదు.

ఆయన స్టూలు లాక్కుని కూచున్నాడు.
చివరి అంకె జారడం మొదలైంది.
పదిహేను. పధ్నాలుగు.
మనిషి ఒంటి వేడికి గాలి పలచబడుతుంది,
వెలుగుకి దారి ఆ మేరకు దగ్గరవుతుంది.
నియమం ప్రకారం బయట కూచోమనాలి.
అనలేదు.

ఆయన లేచి వెళ్ళాక
పదహారు తిరిగి రావడానికి ముప్పావుగంట పట్టింది.
రిపోర్టులో రిమార్కుల గడిలో రాశాను:
గదిలో ఒక మనిషి ఉన్నాడు.
పార్టీ వాళ్ళు ఫోన్ చేసి
ఆ వాక్యం తీసెయ్యమన్నారు.
చూస్తానన్నాను.