అనుబంధం

గురువారం రెండు ఫైళ్ళు ఒకేసారి వచ్చాయి.
హర్మటాన్ గాలి దుమ్ము
రెంటి మీదా సమానంగానే పడింది.
తుడిచాను. నంబరు వేశాను.
హో పట్నంలో, ఈ యూనివర్సిటీ ఫైనాన్సు గదిలో
ఇరవై రెండేళ్ళుగా నా పని అదే.

నీలం అట్ట: వృక్షశాస్త్రం వాళ్ళకి కొత్త సెంట్రిఫ్యూజు.
గోధుమరంగు అట్ట: అగ్బెకో, ల్యాబు అటెండరు,
మరణానంతర చెల్లింపు. భార్య పేరు జిగ్బోడి.

నీలం ఫైలు దారి నాకు కంఠతా వచ్చు.
మూడు కొటేషన్లు, అక్రా నుంచి రెండు, తెమా నుంచి ఒకటి.
తక్కువ ధరకి ఎర్ర సిరాతో సున్నా చుట్టాలి.
తర్వాత డీను, స్టోర్సు, ఆడిటు, టెండరు కమిటీ.
డిసెంబరు దాటితే బడ్జెట్టు మురిగిపోతుంది గనక
ఆ నెలంతా మా ఆఫీసులో పెన్నులకి కాళ్ళొస్తాయి.

గోధుమ ఫైలుకి ఆ తొందర లేదు.
చనిపోయినవాడి డబ్బు ఎక్కడికీ పోదు.
కమిటీకి అయిదుగురుండాలి,
అయిదో ఆయన కేప్ కోస్ట్‌లో సెమినార్లో ఉన్నాడు.
జిగ్బోడి మూడుసార్లు వచ్చింది,
నీళ్ళ డబ్బా పక్క బల్ల మీద కూర్చుని
మూడుసార్లు వెళ్ళింది.

అంత్యక్రియల ఖర్చుకి కూడా
మూడు కొటేషన్లు ఉండాలన్నాం.
తెచ్చింది.
ముగ్గురు వడ్రంగులు, మూడు శవపేటికలు.
తక్కువ ధరకి నేనే ఎర్ర సున్నా చుట్టాను.
అతన్ని పాతిపెట్టింది మాత్రం మధ్య ధర పెట్టెలో.
తేడా ఆమె కట్టుకుంది.

నీలం ఫైలులో ఏడో గడి:
కొత్తది ఎందుకు కావాలి?
ప్రొఫెసర్ డోట్సె తన చేత్తో రాశాడు:
"పాతది తిరగడం లేదు. అగ్బెకో ఉండగా తిరిగేది.
మూత మీద ఎడమవైపు ఎక్కడో తట్టేవాడు.
ఎక్కడో మాకెవరికీ తెలీదు."

రెండుసార్లు చదివాను.
డబ్బాలో అక్‌ప్లె చల్లారిపోయింది.

లేచి, రెండు ఫైళ్ళకీ కలిపి రంధ్రాలు గుచ్చాను.
నీలం పైన, గోధుమ కింద,
తెల్ల దారంతో ఒకే ముడి.
మధ్యలో ఒక కాగితం:
"అనుబంధం బి. ఏడో గడిలోని కారణానికి ఆధారం."
సంతకం పెట్టాల్సిన ప్రతిచోటా పసుపు చీటీ.
అబద్ధం ఒక్క అక్షరం రాయలేదు.
దారమే కాస్త పొడుగ్గా కత్తిరించాను.

రెండు కమిటీలూ ఆ అయిదుగురే.
టెండరు అనేసరికి
అయిదో ఆయన రాత్రి బస్సెక్కి వచ్చేశాడు.
పసుపు కనపడ్డచోటల్లా పెట్టుకుంటూ పోయారు.
ఒక్కాయన మాత్రం, అమెవోర్,
గోధుమ పేజీ దగ్గర ఆగి, కళ్ళజోడు మీంచి నన్ను చూసి,
"సెఫాకోర్, ఈ పెన్ను రాయడంలేదు, ఇంకోటివ్వు" అన్నాడు.
ఇచ్చాను.

ఇరవై మూడో తేదీన చెక్కు తీసుకుని
జిగ్బోడి అడిగింది, ఆ పాత మిషను చూడొచ్చా అని.
స్టోర్సులో, విరిగిన కుర్చీల పక్కన,
రద్దు ముద్రతో ఉంది.
"ఇంతేనా? రోజూ దీని గొడవే చెప్పేవాడు.
లారీ అంత ఉంటుందనుకున్నాను" అంది.
తట్టలేదు. చెయ్యి కూడా వేయలేదు.
చెక్కు రవికెలో దోపుకుని
ట్రోట్రో దొరకదని తొందరగా వెళ్ళిపోయింది.

ఇప్పుడు మార్చి. ఆడిటు నుంచి గులాబీ కాగితం:
"యంత్రం కొనుగోలుకీ, మృతుడి చెల్లింపుకీ
అనుబంధం ఏమిటి?
మూడు పనిదినాల్లో వివరించాలి."
జవాబుకి వాళ్ళిచ్చిన చోటు ఒకటిన్నర గీత.

ఇవాళ రెండో రోజు.
నాలుగు చిత్తుప్రతులు బుట్టలో ఉన్నాయి.
విడిగా కాగితం జతచేయవచ్చా అని ఫోన్ చేసి అడిగాను.
చేయవచ్చట.
దానికో ఫారం ఉందన్నారు.