పన్నెండు గుంఠాల లెక్క

గోపాల్‌పూర్ దీపస్తంభం దాటి,
సరుగుడు తోపు వెనక, మొగలి పొదల పక్కన
పన్నెండు గుంఠాలు.
నాలుగు మూలలా సున్నం పూసిన రాళ్ళు.
ఎదురుగా సగం లేచిన అపార్టుమెంటు.
దాని పేరు ఒడియాలో ఉంది, ఇంగ్లీషులో ఉంది.
మన అక్షరాల్లో మాత్రం ఏ తాపీమేస్త్రీయో బొగ్గుతో
"నీళ్ళు లేవు" అని రాసి వెళ్ళాడు.

బరంపురం గోడౌనులో ఇరవై ఏడేళ్ళు
బియ్యం బస్తాల తూకం రాసినవాణ్ణి.
ఏదీ కొనకుండా బతకాలన్నది
అరవయ్యో ఏట పుట్టిన కోరిక.
అందుకే ఈ లెక్కల పుస్తకం, గాజు సీసా, గునపం,
మట్టి నింపుకోడానికి పది ప్లాస్టిక్ సంచులు.

"మీఠా పాణి, బాబూ, మీఠా పాణి"
అంటాడు బ్రోకరు బిసోయి.
చేద నోటికెత్తుకున్నాను. మొదటి గుక్క తీపే.
మింగాక నాలుక వెనక సన్నటి ఉప్పు,
బాకీ ఎగ్గొట్టేవాడి నవ్వులా.
నీళ్ళు: పదికి నాలుగు.
వైశాఖంలో ఇంకోసారి రుచి చూడాలి.

బియ్యం: ఇద్దరికి ఏడాదికి రెండున్నర క్వింటాళ్ళు.
ఈ ఇసుకలో వరి సున్నా.
పేడ తోలితే చోళ్ళు కొంత.
మునగ బతుకుతుంది. జీడి బతుకుతుంది. కంద అనుమానం.
కొబ్బరి వద్దు. పక్క తోటలో మిగిలినవన్నీ
ఒకే దిక్కుకి మెడలు వంచుకుని ఉన్నాయి.
ఉప్పు: హుమ్మ మళ్ళు దగ్గరే,
కానీ అదీ కొనడమే కదా.
నూనె? ఖాళీ.
కళ్ళజోడు? ఖాళీ.
మా ఆవిడ మోకాలికి రాసుకునే మందు?
ఆ గీత మీద కలం ఆగింది.
"పాలు పితకడం నీకొచ్చా?" అని
పొద్దున్న చెప్పులేసుకుంటుంటే అడిగింది.
దానికి నేను గడి గీయలేదు.

సాయంత్రం ఇసుక మీదికి దిగితే
పెద్దవల లాగుతున్నారు.
రెండు తాళ్ళు, ఒక్కో తాడుకి పదిహేనుమంది.
సూరాడ దండాసమ్మ నా పుస్తకం చూసి నవ్వింది.
"ఏటి బాబూ, సముద్రాన్ని కూడా కొలుస్తన్నావా?"
చెప్పాను: ఏదీ కొనకుండా, ఎవర్నీ అడక్కుండా...
"ఎవుల్నీ అడక్కుండానా?"
తాడు వదల్లేదు గానీ నవ్వు వదిలేసింది.
"పెద్దగాలి రేత్రి ఇదే తాడు.
బడి మేడ మీద స్తంభానికి కట్టి
పదకొండు మందిమి పట్టుకున్నాం.
మా ఆడబిడ్డ ఒళ్ళో బియ్యం మూటొకటి.
ఎవులియో ఇప్పటికీ తెల్దు. తెల్లారి వండుకు తిన్నాం.
ఊరికే నిలబడ్డావేటి, పట్టు."

పట్టాను.
తడి పీచు అరచేతిని గీరింది.
ఏ కాటాకీ ఎక్కని బరువొకటి
అలల అవతల ఎక్కడో కదిలింది.

వల చప్పగానే వచ్చింది: రెండు తట్టల కవళ్ళు,
ఓ తాబేలు. దాన్ని నలుగురు ఎత్తి
మళ్ళీ నీళ్ళలోకి తోశారు.
నా వాటా గుప్పెడు.
వేసుకోడానికి మట్టి సంచులు తప్ప ఏమీ లేవు.

బస్సులో మొత్తం కూడాను.
నూటికి ముప్పై ఎనిమిది.
గోడౌనులో ఈ మార్కుకి సరుకు వెనక్కి పంపేవాళ్ళం.
బిసోయికి ఫోను చేసి
బావి ఉప్పగా ఉంది,
గుంఠాకి ఇరవై వేలు తగ్గించమన్నాను.
పక్క సీటాయన ముక్కు మూసుకుని
కిటికీ తెరిచాడు.