దేనికంటే?

మా స్టేషన్ బోర్డు మీద
శ్రీకాకుళం రోడ్ అని ఉంటుంది.
పెట్టె దించుకున్న కొత్తవాళ్లు
ఊరేదీ అని నా కొట్టు దగ్గరే అడుగుతారు.
ఇది ఆమదాలవలస, ఆటో ఎక్కండి అంటాను.
పక్కనున్న చిన్న మాట చదవనందుకు
పదమూడు కిలోమీటర్లు.

అప్పలసూరి గారు మాత్రం
చిన్న మాటల కోసమే కళ్లజోడు తుడుస్తారు.
మూతబడ్డ పంచదార మిల్లులో
ఇరవై ఆరేళ్లు కాటా గుమస్తా.
ఇప్పుడు పంచదార ఆయన రక్తంలో పనిచేస్తోంది,
సెలవు లేకుండా.

ఆవేళ పాసింజరు వెళ్లిపోయాక వచ్చారు,
రిమ్స్ చీటీ జేబులో మడిచి.
ఆకుపచ్చ పేకెట్టు తీసి చూపించాను.
"ఇది మీకోసమే బాబాయ్. పంచదార ముప్పై శాతం తక్కువ."
చెయ్యి చాపలేదు.
"దేనికంటే తక్కువ, అమ్మీ?"

నాకు తెలీలేదు.
ఏడేళ్లుగా అమ్ముతున్నాను,
తక్కువ అన్న మాట ఒంటరిగా నిలబడదని
తోచనే లేదు.

ఇద్దరం ఎండలోకి జరిగి వెతికాం.
అతుకు కింద, బార్‌కోడ్ పక్కన,
చీమ తలకాయంత అక్షరాల్లో దొరికింది:
అదే కంపెనీ వాళ్ల పాత బిస్కెట్టు కంటే.
ఆయన నవ్వారు.
"అన్నదమ్ముల్లో సన్నోడన్నమాట.
అన్న ఏనుగైతే సన్నోడు దున్నపోతు.
ఎనకాల పట్టీ సదువు.
ముందరదంతా పెళ్లిళ్ల పేరయ్య మాట."

వంద గ్రాముల్లో ఇరవై రెండు, చదివాను.
ఒక వడ్డనకి నాలుగున్నర కూడా లేదు బాబాయ్.
"వడ్డనంటే ఎన్ని?"
రెండు.
"రెండే బిస్కెట్లు తిని సెయ్యి కడిగీసినోడ్ని
నువ్వు సూసినావేటి?"

పదార్థాల్లో మూడోది మాల్టోడెక్స్‌ట్రిన్.
నోరు తిరక్క కూడబలుక్కుని చదివాను.
"డాక్టరమ్మ సెప్పింది ఆడి గురించి.
పంచదార లెక్కలో పేరుండదు,
రగతం లెక్కలో ముందే కూకుంటాడు."

ఇక పళ్లరసం డబ్బా.
చక్కెర కలపలేదు: పెద్ద అక్షరాలు, చుట్టూ ఆకులు.
వంద మిల్లీలీటర్లకు పదకొండు గ్రాములు.
"కలపనేదు, సరే.
సెట్టు కలిపీసింది గదా."
బెల్లంతో చేసిన చిక్కీ ఇంకొకటి.
పాత బంధువును బజార్లో చూసినట్టు
దానికి తల మాత్రం ఊపి ఊరుకున్నారు.

తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.
గూడ్సు ఒకటి మొత్తం దాటింది.

"మాము కూడా రాసీవోళ్లం.
సెరుకు బండి కాటా ఎక్కితే
సీటీ మీద తరుగు ఇంత అని,
మట్టికింత, ఆకుకింత, తడికింత,
అన్నీ కలిపీసి ఒక మూలకి, సన్నగా.
రైతులు ఏలిముద్రేసి ఎల్లిపోయీవోరు.
దేనికి తరుగు బాబూ అని
ఒక్కడడిగినాడు. మెట్టక్కివలస కుర్రోడు.
వరసలో కడాకి పంపీసినాను."

పేకెట్టును నా త్రాసులో పెట్టించారు.
నూట యాభై.
పెదాలు కదుపుతూ లెక్క కట్టి
జేబులో పెన్ను తీసి
ఆకుపచ్చ మీద అడ్డంగా రాశారు,
కాటా చీటీ దస్తూరీయే, ఈసారి పెద్దగా:
మొత్తం ముప్పై మూడు గ్రాములు.
ఎనిమిది చెంచాలు, పైన చిటికెడు.
కింద సంతకం కూడా, అలవాటు కొద్దీ.

దానికి డబ్బులిచ్చి, దాన్ని నాకే వదిలేసి
వేయించిన సెనగలు పొట్లం కట్టించుకుని
పట్టాల వారనే నడిచి వెళ్లిపోయారు.

సీసాల మధ్య అందరికీ కనబడేట్టు నిలబెట్టాను.
ఇప్పుడు మా వీధి పిల్లలు
ఎనిమిది చెంచాల బిస్కెట్లు కావాలంటారు.
వాళ్ల అమ్మలు ఒక్క క్షణం ఆగి
కొందరు కొంటారు,
కొందరు పిల్లాడి రెక్క పట్టుకుని లాక్కుపోతారు.

నెలాఖరున సరుకు వేసే కుర్రాడు
పుస్తకం తిరగేసి మొహం ముడిచాడు.
"ఈ నెల అమ్మకం తక్కువుందక్కా."
ఎవరికో పల్లీలు తూస్తున్నాను.
ముల్లు నిలబడేదాకా చూసి
అడిగాను:
దేనికంటే?