అరికాలి మంట

మెడికల్ షాపు పైన గది. మెట్లు పదహారు.
బీపీ ఉన్నవాళ్ళు తొమ్మిదో మెట్టు మీద ఆగుతారు.
అక్కడ గోడ మీద చేతులాన్చిన మరకలు,
సున్నం వేసిన నెలకే మళ్ళీ వస్తాయి.

పానకాలరావు గారు మంగళవారం మనిషి.
మిర్చి యార్డులో కమీషన్ కొట్టు గుమాస్తా.
ఆయన కంటే ముందు ఆయన దగ్గు వస్తుంది,
ఆయన వెనకే ఘాటు.
చెప్పులు విడిచి కుర్చీలో కూర్చున్నాక
మా మధ్య కాసేపు ఒక సిగ్గు కూడా కూర్చుంటుంది,
ఆడమనిషి చేత కాళ్ళు పట్టించుకోవడమేంటని.
సిగ్గు ఆయనదే. నాది కాదు.
"కాళ్ళు పట్టుకుని బతుకుతోంది" అంటుంది మా ఆడపడుచు.
పట్టుకున్నాను, నిజమే.
పట్టుకుని ఎవర్నీ ఏమీ అడగలేదు.

గోడకి పాదం బొమ్మ, రంగురంగుల గళ్ళతో.
బొటనవేల్లో తలకాయ, మడమలో నడుం,
ఎడమ పాదం గుబ్బలో గుండె.
నేర్పిన మేడం బెజవాడ నించి వచ్చి ఆరు వారాలుంది.
ఇక్కడ నొక్కితే అక్కడ తెలుస్తుందంది.
పాదంలో గుండె ఉందని నేను ఒట్టేసి చెప్పలేను.
కానీ మా అమ్మ రోజుకి నాలుగుసార్లు అనేది,
అరికాలి మంట నెత్తికెక్కిందని.
ఆ మాట పుట్టించినవాళ్ళ దగ్గర ఏ బొమ్మా లేదు.
ఎక్కే దారి ఉన్నాక
దిగే దారి ఉండదా?

ఈ వేళ్ళు అంతకుముందు పదకొండేళ్ళు
కోల్డ్ స్టోరేజీ వసారాలో తొడిమలు తీశాయి,
కిలోకి ఇంతని.
రాత్రి మజ్జిగ గిన్నెలో చేతులు ముంచుకుని కూర్చునేదాన్ని.
పిల్లాడి కన్నీళ్ళు మోచేత్తో తుడిచేదాన్ని.
ఇక్కడ చేరిన మొదటి నెల భయం,
ఎవరి కాలికైనా నా మంట అంటుకుంటుందేమోనని.

పదో నిమిషానికి ఆయన భుజాలు దిగుతాయి.
ఫోను స్టూలు మీద బోర్లా పడి గింజుకుంటుంది,
ఎత్తరు.
ఇరవయ్యో నిమిషానికి గురక.
కట్టిన మొదటిసారి నూట అరవై రెండు.
లేచాక నూట నలభై ఎనిమిది.
ఆ పధ్నాలుగూ ఎటు పోయాయి?
నా బొటనవేలి వల్లా, ఈ కుర్చీ వల్లా,
అరగంట సేపు ఎవరూ ఆయన్ని
తేజా రేటెంతని అడక్కపోవడం వల్లా?

మొన్న చొక్కా గుండీ పెట్టుకుంటూ అన్నారు,
"బిళ్ళలు మానేశా మస్తాన్‌బీ. నీ చేతి చలవ."
నా అరికాలి మంట నా నెత్తికెక్కింది.
చేతి చలవ సాయంత్రం దాకానండీ,
యార్డు గేటు దాటితే అదీ అనుమానమే.
నా పని బిళ్ళకి తోడికోడలు,
సవతి కాదు.
ఒకే ఇంట్లో ఉంటాం, పొయ్యి దగ్గర సర్దుకుంటాం.
దాన్ని వెళ్ళగొట్టి నన్ను ఏలుకోవద్దు.
ఆ పండుమిరప పచ్చట్లో ఉప్పు సంగతి
నేనెత్తితే మీ ఆవిడకి కోపం, డాక్టరుగారే ఎత్తాలి.
ఆయన నవ్వలేదు.
కింద షాపులో అట్ట కొన్న చప్పుడు
కిటికీలోంచి విన్నాను.

తర్వాత మిషన్‌కి కొత్త సెల్లులేశాను.
పనిచేస్తోందో లేదోనని నా జబ్బకే కట్టాను.
నూట డెబ్బై నాలుగు.
సెల్లులు తీసి తుడిచి మళ్ళీ పెట్టాను.
నూట డెబ్బై ఒకటి.
నాలుగేళ్ళుగా దులిపే కుర్చీలో
మొదటిసారి కూర్చున్నాను.
నా పాదం నా చేతికి అందింది.
గుబ్బ కింద నొక్కాను, పటంలో ఉన్నట్టే.
నొక్కుతున్నంతసేపూ
నొక్కే చెయ్యి మాత్రం పనిలోనే ఉంది.

తాళం వేశాను.
పొద్దున్నే పెద్దాసుపత్రిలో ఓపీ చీటీ రాయించుకోవాలి,
లైను తెల్లారకముందే మొదలవుతుంది.
దిగేటప్పుడు ఎవరూ తొమ్మిదో మెట్టు మీద ఆగరు.
ఆగాను.
గోడకి చెయ్యి ఆన్చి తీసి
మరక ఎర్రగా పడిందేమోనని చూశాను.
అందరిదీ ఎలా ఉందో
అలానే ఉంది.