అన్ని చోట్లా

క్లాక్స్‌విక్ గ్రంథాలయంలో మంగళవారం మధ్యాహ్నాలు
కంప్యూటర్ల దగ్గర నిలబడటం నా పని.
హానుస్ వచ్చాడు గొర్రెబొచ్చు వాసనతో,
చొక్కా జేబులో తడిసి ఆరిన నోటుబుక్కుతో.
అందులో ఏడు పాస్‌వర్డులు.
పడవకొకటి, ఈతకొలనుకొకటి,
మంద లెక్కలకి ఒకటి, అది రెండుసార్లు కొట్టేసి
అంచున మళ్లీ రాసుకున్నది.

ఇకమీదట ఒక్కటే చాలన్నాను.
"అయితే నా గుట్టు పడవవాళ్లకీ తెలుస్తుందా?"
తెలీదు.
పడవ మిమ్మల్ని ఏమీ అడగదు,
ఒకే ఒక గడప దగ్గరికి పంపుతుంది.
అడిగేది ఆ గడప. మీరు చెవిలో చెప్పేదీ దానికే.
అది చీటీ రాసి ముద్ర గుద్ది ఇస్తుంది:
ఇతను ఇతనే, ఇంకో గంట వరకూ.
పడవ ముద్ర చూసుకుంటుంది, మీ మాట వినదు.
కొలనూ అంతే.

ఆయన కాసేపు కిటికీలోంచి పొగమంచుని చూశాడు.
"మా అమ్మ సంతకం చూసి
కొట్టువాడు పంచదార తూచేవాడు.
ఆమె పెట్టె తాళం ఎక్కడుంటుందో వాడికెందుకు!"
మూడు వారాల శిక్షణలో
నాకింత బాగా ఎవరూ చెప్పలేదు.

"మరి ఆ గడపే కూలితే?"
కూలింది, జనవరిలో, నలభై నిమిషాలు.
రేవులో పడవ ఉంది. కొలనులో నీళ్లు వెచ్చగానే ఉన్నాయి.
తామెవరో రుజువు చేసుకోలేక
ఊరు ఊరంతా బయట నిలబడింది.

ఆయన పడవ బొమ్మ మీద నొక్కాడు.
తెర ఏమీ అడగలేదు.
స్వాగతం మార్యున్, అంది.

పొద్దున ఆమె గ్రంథాలయంలోంచి మాత్రమే బయటికొచ్చి
అంతా మూశాననుకుని వెళ్లిపోయింది.
వెనకాల చీటీ ఇంకా చెల్లుతూనే ఉంది.

మార్యున్ ఆయన చెల్లెలు.
అవతలి దీవి. ఇరవై నిమిషాల పడవ.
మేతభూమి తగువు, తొమ్మిదేళ్లుగా మాటల్లేవు.
నాకు తెలుసు. ఇక్కడ అందరికీ తెలుసు.

వేలు గాలిలో ఆగింది.
ఆమె ఎప్పుడొస్తుందో ఎప్పుడెళుతుందో
ఒక్క నొక్కు దూరం.
అడ్డుకునేవాళ్లు లేరు, నాకూ నోరు రాలేదు.

"అన్ని చోట్లా మూసే మీట ఏది?"
చూపించాను. నొక్కాడు.
"చిన్నప్పుడూ ఇంతే.
గాలివానలో తలుపులన్నీ బార్లా వదిలేసేది,
వెనకే నేను వేసుకుంటూ వచ్చేవాణ్ణి."

తర్వాత తన కొత్త మాట టైపు చేస్తుంటే
మర్యాదకి మొహం తిప్పుకున్నాను.
మీటల చప్పుడు మాత్రం వినబడింది,
ఎక్కడా తడుముకోలేదు.
నోటుబుక్కులో ఏమీ రాసుకోలేదు.