గొడుగు బొమ్మ

కుతాయిసిలో రేపు వానో ఎండో చెప్పే
చిన్న గొడుగు బొమ్మ.
ఊరికే వస్తోంది కదా అని
రొట్టెల దుకాణం లెక్కలు రాసే ఎతేరి
చదవకుండానే "సరే" నొక్కింది.

గొడుగు అబద్ధమాడలేదు.
ఆదివారం వానంటే వానే.
దాని కిందే ఎవరో నిలబడి
ఆమె వేళ్లని లెక్కపెడుతూ వచ్చారు:
పిండి బస్తాల ధర, బ్యాంకు పాస్‌వర్డు,
చెల్లెలికి రాసి, పంపకుండా చెరిపేసిన
నాలుగు వాక్యాలు.

"చెరిపేసినవి కూడానా?"
రెజో తలెత్తలేదు, నెట్ వైరు పీకేశాడు.
"చెరపడం కూడా రాసుకుంటుంది, పిన్నీ."

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు.
రెజోకి రెండు గంటలు పట్టింది,
ముట్టని టీ మూడుసార్లు చల్లారింది.
పిండి జల్లించినట్టు డిస్కంతా జల్లించి
తాళాలన్నీ మార్చుకోమన్నాడు,
దీని మీద కాదు, వేరే కంప్యూటర్లో.

ఇప్పుడు తెర ఏది అడిగినా
కళ్లద్దాలు తుడుచుకుని అట్టడుగుదాకా చదువుతుంది,
ఒక్కోసారి పొయ్యిలో రొట్టె మాడేదాకా.
వానో కాదో
కిటికీలోంచి చెయ్యి చాపి చూసుకుంటుంది.

ఆ నాలుగు వాక్యాలు మాత్రం
ఎక్కడో ఎవరో చదివే ఉంటారు.
చెల్లెలు కాదు.