రెండున్నర అంగుళాలు

మూడంగుళాల గొట్టమే వేయమంటాడు ఆర్టో,
ఊరు ఉలిక్కిపడాలట.
కోవొలాలో మంచు మోకాలిదాకా ఉంది,
ఉలిక్కిపడ్డానికి కాకులు తప్ప ఎవరున్నారు?

కారేమో వాళ్ల వదిన ఇర్యాది.
ఆమెకు పుట్టు చెవుడు.
లిఫ్టు ఎత్తిన పాత టర్బో కింద నిలబడి
పైపుల్ని ఒక్కొక్కటీ తట్టి
దవడకు ఆనించుకుంది.
బల్ల మీది మసిలో వేలితో రాసింది:
రెండున్నర.

వెల్డింగ్ చల్లారాక స్టార్ట్ చేసింది.
"పిల్లి గురక!" పెదవి విరిచాడు ఆర్టో.

మూడువేల దగ్గర సీటు కింద ఝుమ్మని ఒక వణుకు.
అది పోగొట్టమనే అందరూ నా దగ్గరికొస్తారు.
ఇంకో చిన్న డబ్బా అతికిస్తే పోతుంది.
తెచ్చి చూపించాను.

నా చేతిలోంచి తీసుకుని
అరలో పెట్టేసి
మళ్లీ ఎక్కి మూడువేలకు తొక్కింది,
కళ్లు మూసుకుని.